పైపైన తుడిచినందుకు

శాన్ స్టార్మ్ అనే కారు ఒకటి మన దేశంలోనే తయారైందని ఇప్పటి కుర్రవాళ్ళలో చాలామందికి తెలియదు. బెంగళూరుకు చెందిన శాన్ సంస్థ 1990ల చివర్లో తెచ్చిన రెండు సీట్ల కారు అది. పైకప్పు గుడ్డది, విప్పి వెనక్కి మడిచేయొచ్చు. బాడీ ఫైబర్. రెనో వాళ్ళ 1149 సీసీ పెట్రోలు ఇంజను, 60 హార్స్ పవర్. వేగం ఒక్కటే చూస్తే ఇవాళ్టి మామూలు చిన్న కారు కూడా దాన్ని దాటిపోతుంది. కానీ బరువు తక్కువ, ఎత్తు తక్కువ. అందులో కూర్చుంటే రోడ్డు చేతికి అందేటంత దగ్గరగా ఉంటుంది. స్టీరింగ్ కొంచెం తిప్పితే బండి మొత్తం మాట వింటుంది. చదువుకునే రోజుల్లో ఒక పత్రికలో దాని బొమ్మ చూసి, ఉద్యోగం వచ్చాక కొనాల్సింది ఇదేనని నిర్ణయించుకున్నాను.

ఉద్యోగం వచ్చేనాటికి ఆ కారు మార్కెట్లో లేదు. హైటెక్ సిటీలో కుదురుకుని, చందానగర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాక, పాతది ఒకటి బెంగళూరులో అమ్మకానికి ఉందని తెలిసింది. ఎన్‌ఓసీ తెప్పించి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టి నా పేరు మీదికి మార్పించుకున్నాను. కొన్నప్పుడు దాని అడుగు శుభ్రంగా ఉంది. దానికి తుప్పు పట్టించింది నేను. ఎలా పట్టించానో ఒక్కటీ దాచకుండా రాస్తున్నాను. ఎందుకంటే పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు ఇదే దారిలో వెళ్ళడం మా సెల్లార్లోనే నాకు కనిపిస్తోంది.

గుడ్డ పైకప్పు కారుకు హైదరాబాదులో ఒక్కటే కాలం, శీతాకాలం. ఎండాకాలంలో కప్పు విప్పితే తల మాడిపోతుంది. వానాకాలంలో విప్పే పనే లేదు. కార్తీకం వచ్చాక మొదలుపెడితే శివరాత్రి దాకా నాకు పండగే. తెల్లవారకముందే బయల్దేరి నల్లగండ్ల, తెల్లాపూర్, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ వెళ్ళి, అనంతగిరి గుట్టల మంచులో ఒక గంట గడిపి, ఎండ ఎక్కేసరికి ఇంటికి చేరేవాణ్ణి. పక్క సీట్లో మా అమ్మాయి, మంకీ క్యాపు పెట్టుకుని. వచ్చాక మైక్రోఫైబర్ గుడ్డతో బాడీ అంతా మెరిసేటట్టు తుడిచి, కవరు కప్పి లిఫ్టు ఎక్కేవాణ్ణి.

ఆ మంచే అడుగు భాగంలో కూడా పడుతుందన్న ఆలోచన నాకు రాలేదు. రాత్రి చల్లబడిన ఇనుముకు తేమగాలి తగిలితే చెమ్మ పట్టి నీటిబొట్లు తేలతాయి. పైన పట్టింది ఎండకు ఆరిపోతుంది. కింద పట్టింది మట్టిలో ఇంకి అక్కడే ఉండిపోతుంది. అయినా ఈ మంచు చెమ్మతో జరిగింది కొద్దిపాటి నష్టమే. అసలు నష్టం సూర్యలంక సముద్రతీరంలో జరిగింది.

మా నాన్నగారు పుట్టి పెరిగింది బాపట్ల దగ్గర పల్లెలో. సంక్రాంతికి అక్కడికి వెళ్ళడం మాకు అలవాటు. ఒక ఏడాది ఇంట్లోవాళ్ళు రైల్లో వెళ్ళారు, నేను స్టార్మ్ తీసుకుని రోడ్డు మీద వెళ్ళాను. మూడు వందల పైచిలుకు కిలోమీటర్ల దారి, కప్పు విప్పుకుని శీతాకాలపు ఎండలో నడిపిన ఆ రోజు నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. భోగి మర్నాడు సాయంత్రం సూర్యలంక వెళ్ళాం. తీరంలో అల తడిపి వెళ్ళిన ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది. అంతకుముందే ఎవరో జీపు తిప్పిన గుర్తులున్నాయి. నేనూ దింపాను. ఫొటోల కోసం నీళ్ళ అంచు వెంబడి పోనిచ్చాను. అల వచ్చి చక్రాలను తాకి వెనక్కి పోయింది. ఉప్పునీళ్ళు రెండు వైపులా లేచి కింద మూలమూలకీ కొట్టాయి. మా అమ్మాయి కేరింతలు కొట్టింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ తిప్పాను.

చందానగర్ చేరిన రాత్రి నాన్నగారు ఫోనులో అడిగిన మొదటి మాట, "కింద నీళ్ళు కొట్టించావా రా?"

"కొట్టిస్తాను నాన్నా. ఫైబర్ బండే కదా, దానికి తుప్పేంటి?"

"ఫైబరు దానికి చొక్కా రా. లోపల ఎముకలు ఇనుమే."

ఆయన భెల్‌లో పనిచేసి రిటైరయ్యారు. రామచంద్రాపురం ఫ్యాక్టరీలో టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు తయారవుతాయి. నీళ్ళూ ఆవిరీ ఇనుమును ఏం చేస్తాయో రోజూ చూసినవాడు. అంతకుముందు సముద్రపు గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం ఇంట్లోనే చూసినవాడు. అటువంటి మనిషి మాటను నేను చాదస్తం కింద తీసేశాను. ఆ వారం ప్రాజెక్టు రిలీజు ఉంది. శనివారం వచ్చాక బాడీకి వ్యాక్స్ పట్టించాను, సీట్లకు పాలిష్ పెట్టాను, టైర్లకు నలుపు రాశాను. ర్యాంపు ఎక్కించలేదు. కవరు కప్పి సెల్లార్లో పెట్టాను.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఇనుము ఎలక్ట్రాన్లను వదులుతుంది, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మంచినీళ్ళలో ఈ పని నెమ్మదిగా సాగుతుంది. ఉప్పు కలిసిన నీళ్ళలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి వేగం పుంజుకుంటుంది. పైగా ఇనుము తన మీద తాను కట్టుకునే సన్నని రక్షణ పొరను ఉప్పులోని క్లోరైడు చీలుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరినా ఉప్పు పోదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసింది తర్వాత తెలుసుకున్న ఒక సంగతి. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. అంటే హైదరాబాదులో మధ్యాహ్నం ఎంత పొడిగా అనిపించినా, నా కారు అడుగున అంటుకున్న ఆ పొర పూర్తిగా ఆరిన వేళలు తక్కువే. ప్రతి రాత్రీ గాలిలోంచి నీళ్ళు తెచ్చుకుని ఇనుమును తింటూనే ఉంది. పైన నేను కప్పిన ప్లాస్టిక్ కవరు ఆ చెమ్మను బయటికి పోనివ్వలేదు. మా సెల్లార్లో సంపు పక్క గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, గాలి ఆడదు. కారును దుమ్ము నుంచి కాపాడుతున్నాననుకుని తుప్పుకు కావలసినవన్నీ అమర్చిపెట్టాను.

వానాకాలం వచ్చింది. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలవడం ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. స్టార్మ్‌ను ఆ నీళ్ళలో దింపకుండా మాత్రం జాగ్రత్తపడ్డాను. కానీ గుడ్డ కప్పు కుట్ల దగ్గర వాన కారి ఫ్లోర్ కార్పెట్ తడిసింది. ముక్క వాసన వస్తే సెంటు సీసా పెట్టాను గానీ కార్పెట్ ఎత్తి చూడలేదు. ఇలాంటి కార్లలో నీళ్ళు బయటికి పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలో ఆకులూ దుమ్మూ చేరి పూడుకుపోతే నీరు ఫ్రేములోని డొల్ల భాగాల్లోకి దిగుతుంది. జపాన్ మాజ్దా మియాటాను ప్రపంచమంతా ముద్దు చేస్తుంది కదా, మొదటి రెండు తరాల మియాటాలకూ వెనక చక్రం ముందు, తలుపు కింద ఉండే సిల్లులు తుప్పు పట్టిపోవడం పేరుమోసిన జబ్బు. గుడ్డ కప్పు నీళ్ళు దిగే గొట్టాలు మూసుకుపోవడం దానికి పెద్ద కారణం. నేను ఆ కారు గురించి ఇంజను వివరాలన్నీ చదివాను, ఈ ఒక్కటీ చదివి పట్టించుకోలేదు.

ఇక నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తెలివితక్కువ పని. ఆ దీపావళికి ముందు ఒకసారి టైరు మారుస్తూ కిందికి తొంగిచూస్తే ఫ్రేము మీద నారింజ రంగు మచ్చలు కనిపించాయి. కంగారుపడి ఒక షెడ్డుకు తీసుకెళ్ళి అండర్ కోటింగ్ కొట్టమన్నాను. కొట్టే అతను, "సార్, ముందు గీకాలి, ఆరబెట్టాలి, రెండు రోజులు బండి వదిలిపెట్టండి" అన్నాడు. న్యాయమైన మాట. నాకు ఆదివారం అనంతగిరి ప్రయాణం ఉంది. గీకకుండానే కొట్టమని నేనే బలవంతపెట్టాను. నల్లని తారు పూత కింద మచ్చలన్నీ మాయమయ్యాయి. ఇంటికొచ్చి చాలా పెద్ద పని పూర్తిచేసినట్టు నిద్రపోయాను.

తుప్పు మీద తారు వేస్తే తుప్పు ఆగదు. తుప్పులో అప్పటికే ఉప్పు ఉంది, చెమ్మ ఉంది, రెండింటినీ పూత లోపల బంధించాను. ఆ పూత ఎండలకు గట్టిపడి అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్ళు ఇచ్చింది. పగుళ్ళలోంచి నీరు దిగింది, తిరిగి బయటికి రాలేదు. ఇంకో సంగతి ఉంది. ఒకే ఇనుము మీద గాలి బాగా తగిలే చోటు, గాలి అందని చోటు పక్కపక్కన ఉంటే, గాలి అందని చోటునే తుప్పు ఎక్కువ తినేస్తుంది. పూత కింద, మట్టి గడ్డ కింద, రెండు రేకులు కలిసే అతుకు లోపల తుప్పు అంత లోతుగా దిగేది అందుకే. తుప్పుకు ఇనుము కన్నా చోటు ఎక్కువ కావాలి. దాని రకాన్ని బట్టి రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది, అతుకులను తానే విడదీసుకుంటూ పోతుంది. పూత మాత్రం పైకి నున్నగా కనిపిస్తూనే ఉంది.

రెండు శీతాకాలాలు అలాగే నడిపాను. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, బండి ఎంత పోతుందో చూద్దామని తొక్కిన రోజులున్నాయి. ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

బయటపడింది కూడా నా జాగ్రత్త వల్ల కాదు. బ్రేకు పెడల్ కొంచెం మెత్తగా దిగుతోందని హఫీజ్‌పేట వైపు ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన జాకీ పెట్టి ఎత్తబోతే జాకీ తల ఫ్రేములోకి దిగబడింది. బండిని లిఫ్టు ఎక్కించి నన్ను కిందికి పిలిచాడు. చిన్న సుత్తి తీసుకుని ఫ్రేము వెంబడి తడుతూ వెళ్ళాడు. బాగున్న చోట ఖంగుమంది. ఒక చోటికి వచ్చేసరికి అట్ట మీద కొట్టినట్టు వినిపించింది. అక్కడ స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. నల్లపూత పెచ్చుగా ఊడి, దానితో పాటు ఎర్రటి పొట్టు నేల మీద రాలింది. వెనక సస్పెన్షన్ పట్టుకునే బ్రాకెట్టు దగ్గర రేకు కాగితం మందం మిగిలింది. బ్రేకు పైపు ఉబ్బి, ఒక చోట చెమరుస్తోంది.

"ఇందులో పిల్లను ఎక్కించారా సార్?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళే ఎక్కువ. మా పిన్ని కొడుకు ఒకడు అక్కడే. వాళ్ళకు శీతాకాలం అంటే మంచు కరగడానికి రోడ్ల నిండా ఉప్పు చల్లే కాలం. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. అక్కడి స్పోర్ట్స్ కార్ల వాళ్ళు అక్టోబరు, నవంబరు వచ్చేసరికి బండిని కడిగి ఆరబెట్టి గ్యారేజీలో పెట్టేస్తారు, వసంతం వానలకు రోడ్డు మీది ఉప్పు కొట్టుకుపోయాక గానీ బయటికి తీయరు. తీయక తప్పనివాళ్ళు శీతాకాలానికి ముందే అడుగంతా నూనెగానీ, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కలిపిన పూతగానీ చల్లించుకుంటారు. ఎండి పెచ్చుకట్టే పూతలు వద్దంటారు, జిడ్డుగా మెత్తగా ఉండేవే మేలంటారు. తమ్ముడు ఇవన్నీ నాకు ఫోనులో ఎప్పుడో చెప్పాడు. మనకు మంచూ లేదు, రోడ్ల మీద ఉప్పూ లేదు, ఈ గొడవ వాళ్ళదేనని వదిలేశాను. వాళ్ళు తప్పించుకోలేక తొక్కే ఉప్పును నేను సరదాకు వెతుక్కుంటూ వెళ్ళి తొక్కాను.

బాగుచేయడం నెలల పని అయింది. బాడీ ఫైబర్ కాబట్టి ముందు దాన్ని దూరంగా పెట్టాలి, దగ్గర్లో వెల్డింగ్ చేస్తే అంటుకుంటుంది. నల్లపూత మొత్తం వేడిచేసి గీకేశారు. చచ్చిన ఇనుమును మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం కొత్త రేకు వంచి అతికారు. తుప్పు మీద రేకు అతికి పుట్టీ నింపే షెడ్లూ ఉన్నాయి. అలా చేయమని అడిగినా ఈ ఉస్తాద్ ఒప్పుకోలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. గీకినా పోని సన్నని మరకల మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూశారు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మార్చి గట్టి పొర కడుతుంది. ఢిల్లీ కుతుబ్ మినార్ పక్కనున్న ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా నిలబడటం వెనకా ఫాస్ఫేటు పొరే ఉందని ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించి చెప్పారు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువ. మన కారు రేకుల్లో అది అంత ఉండదు, మనమే బయటి నుంచి పుయ్యాలి.

ఆ పైన జింకు ప్రైమర్. జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. 1970ల మధ్యలో పోర్షే తన 911 కారుకు జింకు పూసిన ఉక్కు వాడటం మొదలుపెట్టాకే ఆ కార్లు చలిదేశాల్లో కూడా ఏళ్ళ తరబడి నిలిచాయి. చివరిగా, చాలామంది మరిచిపోయే పని: వెల్డింగ్ వేడికి డొల్ల ఫ్రేము లోపలి వైపు రంగు కాలిపోతుంది. బయట ఎంత రంగు కొట్టినా లోపలి నుంచి మళ్ళీ మొదలవుతుంది. అందుకని నీళ్ళు పోయే రంధ్రాల్లోంచి సన్నని గొట్టం దూర్చి లోపలంతా వ్యాక్స్ చల్లాలి. బ్రేకు పైపులన్నీ కొత్తవి వేశారు. ఖర్చు కారు కొన్న ధరలో సగం దాటింది. దానికి నాకు బాధ లేదు.

ఇప్పుడు నేను చేసే పనులు చాలా చిన్నవి. శీతాకాలం మొదలయ్యే ముందు బండిని లిఫ్టు ఎక్కించి, టార్చి పట్టుకుని నేనే కింద నిలబడి చూస్తాను. రంధ్రాల్లో మెత్తని ప్లాస్టిక్ తీగ దూర్చి మట్టి తీస్తాను. కార్పెట్లు ఎత్తి చెయ్యి పెట్టి చూస్తాను. ప్లాస్టిక్ కవరు పారేసి గాలి ఆడే గుడ్డ కవరు తెచ్చాను. సెల్లార్ వదిలి పైన స్టిల్టులో చోటు అడిగి తీసుకున్నాను. దూర ప్రయాణం నుంచి రాగానే అడుగు కడిగిస్తాను. ఎక్కువ ప్రెషర్‌తో దగ్గర నుంచి కొడితే మట్టి, నీళ్ళు అతుకుల్లోకి దూరతాయి. మామూలు పైపుతో చాలాసేపు ధారగా పోస్తే ఉప్పు కరిగి దిగిపోతుంది. బోరు నీళ్ళలో కూడా ఉప్పు ఉంటుంది కదా అని ఒకరు అడిగారు. ఉంటుంది, కానీ సముద్రపు నీటితో పోలిస్తే అది లెక్కలోకి రాదు. మంజీరా నీళ్ళు దొరికితే ఇంకా మంచిది. కడిగాక తడితో కవరు కప్పను. కాసేపు నడిపి, గాలికి ఆరాకే పెడతాను.

కారు ఇప్పుడు నడుస్తోంది. అతికిన ఫ్రేము అతికినదే, కంపెనీ నుంచి వచ్చినప్పటి బలం దానికి ఉందని ఉస్తాద్ గానీ నాన్నగారు గానీ అనరు. కొత్త ఫ్రేము కోసం వెతికాను, దొరకలేదు. అందుకే అనంతగిరి దాకా నెమ్మదిగా వెళ్ళొస్తాను, ఔటర్ ఎక్కను. మా అమ్మాయిని అందులో ఎక్కించుకోవడం మానేశాను.

ఈ సంక్రాంతికి సూర్యలంకకో, చీరాలకో, భీమిలికో వెళ్ళేవాళ్ళకు నా మనవి ఒక్కటే. కారును ఇసుకలోకి దింపకండి. దింపితే, లేదా సముద్రం పక్కన రాత్రంతా నిలిపితే, తిరిగొచ్చిన మర్నాడే ర్యాంపు ఎక్కించి అడుగంతా మంచినీళ్ళతో కడిగించండి. కొన్ని వందల రూపాయల పని, అరగంట సమయం. నల్లపూత కొట్టించే ఆలోచన ఉంటే, ముందు ఒక సుత్తితో కింద తట్టి చూడమని మీ మెకానిక్‌ను అడగండి. ఆయన తడుతున్నంతసేపూ మీరూ బండి కింద నిలబడి వినండి.